వసంతంలో చిన్నపిల్లల ఆరుబయటి ఆటలు: బెంగళూరు తెలుగు అమ్మానాన్నలు తరచుగా అడిగే ప్రశ్నలు

మేము బెంగళూరు వచ్చి పదకొండేళ్లయింది. సర్జాపుర రోడ్డు వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. పెద్దవాడికి ఏడేళ్లు, చిన్నదానికి మూడున్నర. ఏటా సంక్రాంతికి ఊరెళ్లి వచ్చాక, చలి కాస్త తగ్గుతూనే, లిఫ్టులో, పార్కు బెంచీ మీద, కూరగాయల బండి దగ్గర తెలుగువాళ్లు నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాస్తున్నాను. ఇది రెండేళ్ల నుంచి ఏడేళ్ల లోపు పిల్లలున్నవాళ్ల కోసం.

ఇంతకీ బెంగళూరులో వసంతం ఎప్పుడు?

పంచాంగం ప్రకారం చైత్ర, వైశాఖాలు. కానీ ఈ ఊరి చెట్లు ఉగాది దాకా ఆగవు. ఫిబ్రవరిలోనే టబెబుయా చెట్లు ఆకులన్నీ రాల్చేసి గులాబీ రంగులో నిలబడతాయి. ఆ వెనకే ఊదారంగు జకరండా. మార్చిలో కానుగ పూత రాలి ఫుట్‌పాత్‌లు నిండిపోతాయి. ఇక్కడివాళ్లు ఆ చెట్టును హొంగె అంటారు. ఉగాది నాటికి వేప పూత, ఏప్రిల్ గడిచేకొద్దీ తురాయి ఎరుపు.

ఊరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి మార్చిలో మధ్యాహ్నం 33 డిగ్రీల దాకా వెళ్లినా సాయంత్రానికి గాలి చల్లబడుతుంది. మా ఒంగోలులో ఆ నెలలో సాయంత్రం ఆరింటికి కూడా గచ్చు కాలుతూనే ఉంటుంది. అందుకే ఫిబ్రవరి మధ్య నుంచి ఏప్రిల్ సగం వరకు ఇక్కడి రెండు నెలల్ని అస్సలు వదులుకోవద్దంటాను. జూన్ వస్తే వానలు, బడి, దోమలు, అన్నీ కలిసి వస్తాయి.

రోజుకి ఎంతసేపు బయట ఆడాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐదేళ్ల లోపు పిల్లల కోసం ఒక మార్గదర్శకం ఇచ్చింది. ఏడాది నుంచి నాలుగేళ్ల పిల్లలు రోజు మొత్తం మీద కనీసం 180 నిమిషాలు కదులుతూ ఉండాలి. మూడు, నాలుగేళ్ల వాళ్లయితే అందులో 60 నిమిషాలు ఆయాసం వచ్చేలా పరుగులు, గెంతులు ఉండాలి. ఐదు దాటినవాళ్లకి ఆ సంస్థ విడిగా చెప్పింది రోజుకు సగటున 60 నిమిషాలు గట్టిగా ఆడటం. ఇదంతా ఒకే విడతలో కానక్కర్లేదు. పొద్దున ముప్పావుగంట, సాయంత్రం గంటన్నర, మిగిలింది ఇంట్లో సోఫా మీంచి దూకడంతోనే పూర్తవుతుంది.

కదలికతో పాటు వెలుతురు సంగతి కూడా ఉంది. వెలుతురును లక్స్‌లో కొలుస్తారు. ఇంట్లో లైటు ఎంత బాగా ఉన్నా కొన్ని వందల లక్స్ దాటదు. బయట చెట్టు నీడలో కూడా అది వేలల్లో ఉంటుంది. కళ్లకి ఆ తేడా చాలా పెద్దది. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లల్ని బడిలో రోజూ అదనంగా 40 నిమిషాలు బయట ఉంచి మూడేళ్లు గమనించారు. 2015లో వచ్చిన ఫలితాల ప్రకారం, అలా బయట గడిపిన పిల్లల్లో నూటికి 30 మందికి దూరపుచూపు తగ్గితే, మామూలుగా ఉన్నవాళ్లలో దాదాపు 40 మందికి తగ్గింది. అది చదివిన రోజు నుంచి హోంవర్క్ కోసం ఆట మానిపించడం మా ఇంట్లో ఆపేశాం.

ఎండకి నల్లబడతారు, జ్వరం వస్తుంది అని అత్తయ్యగారు ఆపుతున్నారు. ఏ వేళకి తీసుకెళ్లాలి?

ఎండ విషయంలో పెద్దవాళ్ల భయం పూర్తిగా తప్పు కాదు. ఇక్కడ గాలి చల్లగా ఉండటంతో ఎండ తీవ్రత ఒంటికి తెలియదు, కానీ నడినెత్తి ఎండ గట్టిగానే ఉంటుంది. పొద్దున తొమ్మిదిన్నర లోపు, సాయంత్రం నాలుగున్నర తర్వాత మంచిది. గడియారం అవసరం లేని లెక్క ఒకటి ఉంది. పిల్ల నీడ పిల్ల కంటే పొట్టిగా ఉంటే లోపలికి, పొడుగ్గా ఉంటే బయటికి. మా పెద్దవాడు ఇప్పుడు వాడే కొలుచుకుని "అమ్మా, నా నీడ నాకంటే పెద్దదైంది, వెళ్లొచ్చా" అని అడుగుతాడు.

నూలు బట్టలు, అంచున్న టోపీ, అరగంటకోసారి నాలుగు గుక్కల మంచినీళ్లు. ఇంటికొచ్చాక పల్చటి మజ్జిగలో చిటికెడు ఉప్పు. కూల్‌డ్రింకులు వద్దు. పిల్ల మత్తుగా అయిపోయినా, ఒళ్లు కాలిపోతున్నా, వాంతులైనా నీడకు తెచ్చి ఒళ్లు తడిగుడ్డతో తుడుస్తూ వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఒక్క నిమిషమే కదా అని ఆగి ఉన్న కారులో పిల్లల్ని వదలకండి.

నల్లబడటం గురించి అత్తయ్యగారికి నేను చెప్పే మాట ఒక్కటే: ఆడి వచ్చిన రోజు పిల్ల రెండు ముద్దలు ఎక్కువ తింటుంది, తొమ్మిదింటికే నిద్రపోతుంది. ఒక వారం చూశారంటే ఆవిడే చెప్పులు తొడిగి పంపిస్తారు.

ఏం ఆడించాలి? మాకు ఏ ఆటలూ తట్టడం లేదు.

అందరూ అడిగేది ఇదే, నేను ఎక్కువసేపు మాట్లాడేదీ దీని గురించే. మనం ఆడించక్కర్లేదు, ఆడనివ్వాలి. ఐదేళ్ల పిల్లకి మట్టి, కాసిని నీళ్లు, రాలిన పూలు, నీడ, తొందరపెట్టని మనిషి, ఇవి చాలు. మనం పక్కన కూర్చుని "అలా కాదు, ఇలా చెయ్" అనకుండా ఉంటే ఆట దానంతట అదే పుడుతుంది. మొదటి పది నిమిషాలు "బోర్ కొడుతోంది" అంటారు. ఆ పది నిమిషాలు మనం ఓర్చుకోవాలి. చాలామంది సరిగ్గా అక్కడే ఫోన్ తీసి ఇచ్చేస్తారు.

అయినా మొదలుపెట్టడానికి కొన్ని చెబుతాను.

పిచ్చుక గూళ్లు. మా చిన్నది మొన్న ఫిబ్రవరిలో మొదటిసారి కట్టింది. ఎడమ పాదం ఇసుకలో పెట్టమన్నాను. దాని మీద తడి ఇసుక పోసి అరచేత్తో తట్టాం. మొదట వేళ్లు కదిలించింది, పైన సన్నటి పగులు వచ్చింది. మళ్లీ తట్టాం. "ఇప్పుడు మెల్లగా లాగు" అన్నాను. ఊపిరి బిగబట్టి మడమ వెనక్కి జరిపింది, గూడు నిలబడింది. తల నేలకి ఆనించి ఆ చీకటి బొరియలోకి చూసి, "పిచ్చుక ఎప్పుడొస్తుంది?" అంది. తర్వాత గంటసేపు పిచ్చుక కోసం గడ్డిపరకలు, చీమ మోసుకుపోతున్న మెతుకు, ఒక గులాబీ రేకు లోపల సర్దింది. నేను కదల్లేదు. ఇసుక తడి ఎక్కువైతే జారిపోతుంది, తక్కువైతే రాలిపోతుంది. ఆ తడి పాళ్లు చేతికి తెలిసే చదువు ఏ ఖరీదైన బొమ్మా నేర్పలేదు.

గుజ్జనగూళ్లు. రాలిన కానుగ పూలు కొబ్బరిచిప్పలో పోస్తే అచ్చం మరమరాలే. టబెబుయా పూలు గిన్నెలు. ఎర్రమట్టి ముద్ద పప్పు. మగపిల్లల్ని కూడా వంటకి కూర్చోబెట్టండి. మా వాడు చేసే 'బిర్యానీ'లో ఇప్పటికీ మట్టి ఎక్కువ, పూలు తక్కువ.

తురాయి పూలు వచ్చాక కేసరాల కోడిపందెం. మొగ్గ విప్పితే పొడుగాటి కేసరాలు, వాటి చివర గింజంత తలలు ఉంటాయి. ఒకరి కేసరం తల ఇంకొకరి దానికి తగిలించి లాగాలి. ఎవరి తల తెగితే వాళ్లు ఓడినట్టు. ఐదేళ్ల పిల్లలకి వేళ్ల పట్టు రావడానికి ఇంతకంటే మంచి ఆట నేను చూడలేదు.

ఇక్కడ చాలా వీధుల్లో నారింజ రంగు పెద్ద పూల చెట్టు ఒకటి ఉంటుంది. ఆఫ్రికా నుంచి వచ్చింది. కన్నడంలో నీరుకాయి మర అంటారు. దాని మొగ్గల్లో నీళ్లుంటాయి. చివర గిల్లి నొక్కితే పిచికారీలా చిమ్ముతుంది. కళ్లలోకి కొట్టుకోవద్దని ముందే చెప్పండి, మరకలవుతాయి కాబట్టి పాత చొక్కా వేయండి. చెట్టు మీది మొగ్గలు కోయనివ్వొద్దు, కింద రాలినవి బోలెడు దొరుకుతాయి.

అత్తిపత్తి ఆకు ముట్టుకుని ముడుచుకోవడం చూడటం, చీమల బారు ఎక్కడికి పోతుందో వెంట వెళ్లి కనిపెట్టడం, గులకరాళ్లను రంగుల వారీగా వేరుచేయడం, ఇవన్నీ కూడా ఆటలే.

మా అపార్ట్‌మెంట్‌లో మట్టే లేదు. అంతా టైల్స్, రబ్బరు నేల. ఏం చేయాలి?

నర్సరీలో ఎర్రమట్టి బస్తా దొరుకుతుంది. బాల్కనీలో పాత బట్టల టబ్బు ఒకటి పెట్టి సగం నింపండి. ఒక చిప్ప, ఒక గరిటె, పాత టీ వడగట్టే జల్లెడ వేయండి. ఎరువు కలిపిన మట్టి వద్దని నర్సరీ అతనికి ముందే చెప్పండి. రాత్రిపూట మూత పెట్టండి, లేకపోతే పిల్లులు దాన్ని తమ సొంతం చేసుకుంటాయి.

కట్టుబడి జరిగేచోట ఇసుక గుట్ట కనిపిస్తే పిల్లలు ఉరుకుతారు. అది మన చిన్నప్పటి ఏటి ఇసుక కాదు. ఇక్కడ వాడేది ఎక్కువగా రాతిని నలగ్గొట్టి చేసే ఎమ్‌శాండ్. సన్నటి రాతిధూళి ఊపిరితిత్తులకి మంచిది కాదు, అందులో మేకులు, గాజుపెంకులు కూడా ఉంటాయి. చేయి పట్టుకుని దాటించేయండి.

నీళ్లకే కరువైతే నీళ్లాటలు ఎలా?

నిజమే. 2024 మార్చిలో నీటి కొరత ఎంత ముదిరిందంటే, మంచినీళ్లతో కార్లు కడిగినా, తోటలకు పోసినా 5,000 రూపాయల జరిమానా అని నగర నీటి సరఫరా మండలి ఆదేశమిచ్చింది. ఆ నెలలో మా అపార్ట్‌మెంట్‌కు ట్యాంకర్లు వస్తేనే స్నానాలు. పిల్లలకి ఆ సంగతి దాచక్కర్లేదు. అప్పటి నుంచి మా లెక్క ఒకటే: బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు అర బకెట్టు, ఇద్దరికీ కలిపి. అందులో ఏది తేలుతుంది, ఏది మునుగుతుంది చూస్తారు: ఆకు, రాయి, చింతగింజ, సీసా మూత. పాత బ్రష్షుతో గోడ మీద నీళ్లతో బొమ్మలేస్తారు, ఎండకి అవి మాయమవుతుంటే మళ్లీ వేస్తారు. ఆట అయ్యాక మిగిలిన నీళ్లు కరివేపాకు మొక్కకి. పైపు వదిలి తడిపే ఆట కంటే ఈ అర బకెట్టు ఎక్కువసేపు నడుస్తుంది.

రెండేళ్ల పిల్ల ఉంటే బకెట్టు దగ్గర నుంచి ఒక్క అడుగు కూడా కదలకండి. జానెడు నీళ్లు కూడా ప్రమాదమే.

ఏ వయసుకి ఏది?

రెండేళ్లకి పోయడం, ఒంపడం, మోయడం. మూడు, నాలుగేళ్లకి ఎక్కడం, దూకడం, నటించే ఆటలు. ఐదు దాటాక నియమాలున్న ఆటలు, గెలుపోటములు. ఓడితే ఏడ్చే పిల్లని "సిగ్గులేదా" అనకండి, ఇంకో ఏడాది ఆగండి. వయసు కంటే పిల్ల స్వభావం ముఖ్యం. కొందరు అరగంట పక్కన నిలబడి చూసి గానీ ఆటలో దిగరు. చూడటం కూడా ఆడటమే వాళ్లకి.

ఏ పార్కులకు తీసుకెళ్లాలి?

రోజూ వెళ్లేది వీధి చివరి పార్కే అయి ఉండాలి. అక్కడ అదే చెట్టు ఫిబ్రవరిలో మోడుగా ఉండి, మార్చిలో పూసి, ఏప్రిల్‌లో చిగురేయడం పిల్లలు చూస్తారు. వేళలు గేటు దగ్గర బోర్డు మీద చూసుకోండి. కొన్ని మధ్యాహ్నం మూసేస్తారు.

వారానికోసారి పెద్ద చోటికి. కబ్బన్ పార్కు 1870లో ఏర్పడింది. వెదురు పొదలు, పెద్ద పెద్ద వేళ్లున్న చెట్లు, పక్కనే జవాహర్ బాల భవన్. ఆదివారం పార్కు లోపలి రోడ్ల మీద వాహనాలు తిరగనివ్వరు కాబట్టి పిల్లల చేయి వదలొచ్చు. మాకు కబ్బన్ పార్కులో అన్నిటికన్నా నచ్చేది ఆ చేయి వదలడమే.

లాల్‌బాగ్ 240 ఎకరాలు, హైదర్ అలీ 1760లో మొదలుపెట్టిన తోట. గాజుమేడ దగ్గర జనం ఎక్కువ, అందుకే మేము నేరుగా బండ దగ్గరికి వెళతాం. కెంపేగౌడ గోపురం ఉన్న ఆ బండ వయసు దాదాపు 300 కోట్ల సంవత్సరాలు. పిల్లలకి ఆ అంకె అర్థం కాదు. వాళ్లు చెప్పులు విప్పి, చేతులు చాచి, వాలు మీద అడ్డంగా నడుస్తారు. పొద్దున ఏడింటికి రాయి చల్లగా ఉంటుంది. పదింటికి పాదం మోపలేరు.

మావైపు వాళ్లకి కైకొండ్రహళ్లి చెరువు దగ్గర. నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటూ కొమ్మల మీద కూర్చుంటాయి. కట్ట మీద పిల్లల్ని నీటి వైపు కాకుండా రెండో వైపు నడిపించండి. ఎక్కడికెళ్లినా మెట్రో ఉంటే మెట్రోలో వెళ్లండి. సిల్క్‌బోర్డు ట్రాఫిక్‌లో గంటన్నర కూర్చున్నాక ఏ పిల్లకైనా ఆడే ఓపిక మిగలదు.

మన తెలుగు ఆటలు ఇక్కడి పిల్లలతో ఎలా ఆడతారు? భాష రాదు కదా.

మీకు ఆటల పేర్లే కొత్త. మన తొక్కుడుబిళ్ల వీళ్ల కుంటెబిల్లె. ఏడు పెంకులాట లగోరి. కోతికొమ్మచ్చి మరకోతి ఆట. దాగుడుమూతలు కణ్ణాముచ్చాలె. వామనగుంటలు అళగుళి మణె. గళ్లు గీయడంలో చిన్న తేడాలుంటాయి, అంతే. మా పెద్దవాడు నాలుగేళ్లప్పుడు పక్క బ్లాకు కన్నడ పాపతో నేల-బండ ఆడుతూ మొదట నేర్చుకున్న మాట "బా, ఆడోణ", అంటే రా, ఆడుకుందాం. దానికి బదులుగా ఆ పాపకి "అవుట్ కాలేదు, మళ్లీ" అనడం నేర్పాడు. ఆరు నెలల్లో వాడికి వచ్చిన కన్నడం నాకు పదకొండేళ్లలో రాలేదు.

ఊరి నుంచి అమ్మమ్మ, తాతయ్య వచ్చినప్పుడు వాళ్లనే ఆటకు పెద్దగా కూర్చోబెట్టండి. బెంగళూరులో వాళ్లకి తోచదు, ఎవరితో మాట్లాడాలో తెలియదు. మా అమ్మ వచ్చిన నెలలో కింద సిమెంటు బెంచీ మీద అచ్చనగిల్లలు మొదలుపెట్టింది. వారానికల్లా తమిళ, కన్నడ, మరాఠీ పిల్లలు ఏడుగురు చుట్టూ చేరారు. అందరూ ఆమెని "అమ్మమ్మా" అనే పిలిచారు. చిన్న పిల్లలున్నచోట గులకరాళ్లు నోట్లో పెట్టుకోకుండా చూసుకోండి, మూడేళ్ల లోపు వాళ్లకి పెద్ద రాళ్లే ఇవ్వండి.

చెట్టెక్కనివ్వొచ్చా? పడితే?

ఎక్కనివ్వండి. మనం ఎత్తి కొమ్మ మీద కూర్చోబెట్టకూడదు, అంతే. తనంతట తాను ఎక్కగలిగినంత ఎత్తు నుంచి పిల్ల చాలావరకు తనంతట తానే దిగగలదు. కింద నిలబడి "జాగ్రత్త, జాగ్రత్త" అని అరిస్తే టెన్షన్ మనది వాళ్లకి అంటుకుంటుంది. "కుడికాలు ఎక్కడ పెడుతున్నావ్?" అని అడగండి, కాలు వైపు చూసుకుంటారు. చెట్టు కింద సిమెంటు ఉంటే మాత్రం వేరే చెట్టు వెతుక్కోవాలి.

గీరుకుంటే సబ్బునీళ్లతో కడగండి. ధనుర్వాతం టీకా బూస్టర్లు 16 నుంచి 24 నెలల మధ్య ఒకటి, ఐదారేళ్లకి ఒకటి ఉంటాయి. కార్డు తీసి చూసుకోండి. తలకి దెబ్బ తగిలి వాంతులైనా, మగతగా ఉన్నా, కాసేపైనా స్పృహ తప్పినా ఆగకుండా ఆసుపత్రికి. 108 నంబరు ఇంట్లో అందరికీ తెలియాలి.

జారుడుబల్ల గురించి నా అనుభవం చెప్పాలి. మా చిన్నది రెండేళ్లప్పుడు, మార్చి మధ్యాహ్నం, ఒక పార్కులో ఇనుప జారుడుబల్ల ఎక్కింది. నేను చెయ్యి పెట్టి చూడలేదు. కూర్చోగానే కేక పెట్టింది. తొడలు రెండూ కమిలిపోయాయి. పక్కన కుళాయి ఉండబట్టి ఇరవై నిమిషాలు నీళ్లు ధారగా పోశాను, అదే సరైన పని అని తర్వాత డాక్టరు చెప్పారు. టూత్‌పేస్టు, వెన్న, ఐసు ఏవీ పెట్టకూడదు. అప్పటి నుంచి ఏ బల్లయినా, ఏ ఊయలైనా ముందు నా అరచెయ్యి ఆనిన తర్వాతే.

మట్టిలో ఆడితే కడుపులో పురుగులు పడవా?

చెప్పులు వేయడం, ఆట అయ్యాక గోళ్ల సందుల్లో కూడా సబ్బుతో కడగడం, గోళ్లు పొట్టిగా ఉంచడం, ఈ మూడూ చేస్తే భయం చాలా తగ్గుతుంది. జనం మలవిసర్జన చేసేచోట, చెత్తకుప్పల పక్కన ఆడనివ్వకూడదు. జాతీయ నులిపురుగుల నివారణ దినాలు ఫిబ్రవరి 10, ఆగస్టు 10. అంగన్‌వాడీలు, బడుల్లో ఏడాది నుంచి 19 ఏళ్ల వరకు అందరికీ మాత్ర ఇస్తారు. ప్రైవేటు బడి అయినా మీ డాక్టర్ని అడిగి వేయించండి.

తుమ్ములు, పిల్లికూతలు వస్తున్నాయి. పూల వల్లేనా?

మనకి కనబడే పెద్ద రంగుపూలను చాలామంది నిందిస్తారు. వాటి పుప్పొడి బరువుగా ఉంటుంది, ఎక్కువగా పురుగులే మోస్తాయి. గాలిలో తేలివచ్చేది గడ్డి, కలుపు మొక్కలది. ఈ ఊళ్లో ఖాళీ స్థలాలన్నిటా తెల్లటి చిన్న పూలతో పెరిగే వయ్యారిభామ మొక్క మీద నాకు అన్నిటికంటే అనుమానం. ఊళ్లో కాంగ్రెస్ గడ్డి అంటామే, అదే. ముట్టుకుంటే కొందరికి చర్మం దద్దురెక్కుతుంది, పుప్పొడికి తుమ్ములు, ఆయాసం వస్తాయి. పిల్లలు ఆడే చోటు చుట్టూ అది ఉంటే పూయకముందే, చేతులకి తొడుగు వేసుకుని పీకించండి.

ఇంటికొచ్చాక ముఖం కడిగి బట్టలు మార్చండి. ఇన్‌హేలర్ వాడే పిల్లల ఆట మానిపించొద్దు. ఆటకు ముందు ఎలా వాడాలో డాక్టర్ని అడిగి, సంచిలో పెట్టుకుని వెళ్లండి.

ఏ మొక్కలకు దూరంగా ఉంచాలి?

గన్నేరు, పచ్చగన్నేరు. ఇవి అపార్ట్‌మెంట్ కంచెల వెంట, డివైడర్ల మీద అంతటా ఉన్నాయి. ఆకు, పువ్వు, కాయ అన్నీ విషమే. ఉమ్మెత్త కాయ, ఆముదం గింజ, గురివింద గింజ కూడా అంతే. కానుగ పూలతో ఆడొచ్చు గానీ కాయలు నోట్లో పెట్టకూడదు. మా ఇంట్లో నియమం చిన్నది: చెట్టు నుంచి వచ్చినదేదైనా చేతికి, నోటికి కాదు. ఏదైనా మింగారని అనుమానం వస్తే వాంతి చేయించకండి, ఆ మొక్క రెమ్మ కూడా పట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి.

తేనెటీగలు, గొంగళిపురుగులు, దోమలు, కుక్కలు?

పూతకాలంలో పెద్ద తేనెపట్టులు మేడల అంచులకి పడతాయి. రాళ్లు వేయకూడదని, పొగ పెట్టకూడదని పిల్లలకి, పెద్దలకి కూడా చెప్పాలి. కుడితే ముల్లు గోటితో గీకి తీసి చల్లటి గుడ్డ పెట్టండి. ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా ఆసుపత్రికే. మునగచెట్టు కాండం మీద గొంగళిపురుగులు గుంపుగా ఉంటాయి. తగిలితే రుద్దకుండా సెల్లోటేపు అంటించి లాగితే నూగు వచ్చేస్తుంది. డెంగీ దోమ పగలే కుడుతుంది, ముఖ్యంగా పొద్దున, పొద్దుగూకే ముందు. సరిగ్గా మన ఆటవేళలు. పొడుగు ప్యాంటు వేయండి, ఆటస్థలం చుట్టూ కొబ్బరిచిప్పలు, టైర్లలో నీళ్లు ఒంపేయండి.

వీధికుక్క ఎదురైతే పరుగెత్తకుండా చెట్టులా కదలకుండా నిలబడటం నేర్పండి. దాన్నే ఒక ఆటలా నేర్పాం మేము. కరిచినా, గీరినా సబ్బుతో, ధారగా పడే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి అదేరోజు రేబిస్ టీకా వేయించాలి. చిన్న గాటే కదా అని ఆగొద్దు.

ఇద్దరం ఉద్యోగాలే. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఏడవుతుంది.

మాదీ అదే పరిస్థితి. సాయంత్రం కుదరనివాళ్లకి పొద్దున ఆరున్నర నుంచి ఏడుంపావు దాకా ఉంది. ఈ రెండు నెలలు మేము టిఫిన్ డబ్బాలో పెట్టి కిందికి తీసుకెళ్లిపోతాం. ఇడ్లీ చెట్టు కింద తింటే ఎవరూ బతిమాలక్కర్లేదు. నాలుగు ఇళ్లవాళ్లు కలిసి వంతులు వేసుకోవచ్చు. సోమవారం మీరు, మంగళవారం మేము. ఎనిమిది మంది పిల్లలకి ఒక పెద్ద మనిషి కాపలా ఉంటే మిగతా వాళ్లు వంట చేసుకోవచ్చు. పిల్లల్ని చూసుకునే ఆయమ్మతో పంపితే ఆమెకి కూడా కూర్చోవడానికి చాప, తాగడానికి నీళ్లు ఇచ్చి పంపండి. ఆమె సుఖంగా ఉంటేనే పిల్లలకి ఆట సాగుతుంది.

ఫోన్ వదిలి రానంటున్నాడు.

ఫోన్ లాక్కుని బయటికి ఈడ్చుకెళ్లొద్దు. మీరు ముందు కిందికి దిగి, మీ ఫోన్ ఇంట్లో పెట్టి, ఏదో ఒకటి మొదలుపెట్టండి. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకి రోజుకు గంటకు మించి తెర వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది, తక్కువైతే ఇంకా మంచిదని కూడా. మొదటి వారం కష్టం. రెండో వారం నుంచి కింద స్నేహితుడి గొంతు వినబడితే వాడే ఉరుకుతాడు.

అసోసియేషన్ వాళ్లు లాన్ మీద ఆడొద్దని బోర్డు పెట్టారు.

మేము ఇదివరకు ఉన్నచోట ఇలాగే జరిగింది. బంతి తగిలి ఒక పూలకుండీ పగిలిందని పచ్చికంతా తాడు కట్టేశారు. పిల్లలు పార్కింగ్‌లో కార్ల మధ్య ఆడటం మొదలుపెట్టారు. అది చూసి నాకు గుండె ఆగినంత పనైంది. గొడవపడితే లాభం లేకపోయింది. ఆరుగురు తల్లిదండ్రులం మీటింగుకి వెళ్లి, రోజూ ఐదు నుంచి ఆరున్నర దాకా ఒక మూల మాత్రం ఇవ్వమని, కుండీలు పగిలితే మేమే కొనిస్తామని రాసిచ్చాం. ఒప్పుకున్నారు. పచ్చిక ఆ మూలలో కాస్త చచ్చిపోయింది, వాన పడగానే మళ్లీ మొలిచింది. పిల్లల ఆటకి ఒక వేళ, ఒక చోటు అని కాగితం మీద అడగండి, నోటిమాటగా వద్దు.

సంచిలో ఏమేం పెట్టుకోవాలి?

నీళ్లు, టోపీ, ఒక జత బట్టలు, పాత తువ్వాలు, సబ్బుముక్క, బ్యాండేజీ, ఒక అరటిపండు, కొబ్బరిచిప్ప. బొమ్మలు వద్దు.

వాన పడితే?

ఏప్రిల్ సాయంత్రాల్లో ఒక్కసారిగా మబ్బు పట్టి కురిసే వానల్ని ఇక్కడ మామిడి వానలంటారు. ఉరుము వినబడిందంటే చెట్ల కింద, మైదానంలో ఉండకూడదు, వెంటనే లోపలికి. చివరి ఉరుము విన్నాక అరగంట ఆగండి. ఆ తర్వాత మాత్రం ఆపకండి. గుంటల్లో నీళ్లు నిలిచి ఉంటాయి, వాటి మీద తురాయి రేకులు తేలుతుంటాయి, కాగితం పడవలకి అంతకంటే మంచి కాలువ దొరకదు. మురుగు కలిసే చోటు కాదని ఒకసారి చూసుకుని, పాత చెప్పులు వేసి పంపండి. తిరిగొచ్చేసరికి వేడినీళ్లు కాచి ఉంచండి.